సంవత్సరాంతపు మెలకువ

అమెరికా దేశమున కాపురమున్న తెలుగు క్రైస్తవులు, క్రిస్మసునాడు ఏ పొరుగు ఆంగ్ల సంఘమునకో పోయినను, ఈస్టరునాటి ఉదయమున ఉద్యోగము అడ్డుపడి ఆరాధనకు రాలేకపోయినను, డిసెంబరు 31వ నాటి రాత్రి మాత్రము తమ భాషలో జరుగు కూడికకు ఎంత దూరమునుండియైనను వచ్చి చేరుదురు. న్యూజెర్సీలోనైనను, డల్లాసులోనైనను, షికాగోలోనైనను ఆ రాత్రి తీరు ఇంచుమించు ఒక్కటియే. ఆదివారము మధ్యాహ్నములయందు తాము అద్దెకు తీసికొను లూథరను దేవాలయమునో, బాప్టిస్టు దేవాలయమునో ఆ రాత్రికిని మాటలాడుకొందురు. తొమ్మిది దాటిన పిమ్మట ఒక్కొక్క కుటుంబము చలికోటులు విప్పుకొనుచు లోనికి వచ్చును. పెద్దలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము విప్పుదురు, పడుచువారు చేతిఫోనులో పాట వెదకికొందురు. పాటలైన పిమ్మట సాక్ష్యములు. గడచిన యేట ఉద్యోగము పోయి మరల దొరకినవారు, ఆపరేషను గండము గడచినవారు, స్వదేశమున తల్లిని పోగొట్టుకొని కడసారి చూపునకు పోలేకపోయినవారు లేచి నిలిచి కృతజ్ఞత చెప్పుకొందురు. పండ్రెండు కొట్టుటకు కొన్ని నిమిషములుండగా సభ యావత్తు మోకరించును. ఆ మోకాళ్ళమీదనే పాతయేడు పోవును, క్రొత్తయేడు వచ్చును. తరువాత ఒక్కొక్కరు ఒక వేదవాక్యము తీసికొను వాగ్దానపు కార్డులు, ప్రభు బల్ల, ప్రేమవిందు.

ఈ ఆచారము మన పల్లెలనుండి సముద్రము దాటి అమెరికాకు వచ్చినదని కొందరు తలతురు. అమెరికా మిషనరీలే దీనిని మనకు నేర్పిరని మరికొందరు చెప్పుదురు. దీని నడక అంత తిన్ననిది కాదు. ఇది జర్మనీలోని శరణార్థుల పల్లెయందు పుట్టి, ఇంగ్లండు బొగ్గుగనులలో పెరిగి, అమెరికాలో బానిసల చేతులలో అర్థము మార్చుకొనినది. తెలుగునాట మాదిగ పల్లెలలో వేరొక జీవము పొంది, తిరిగి అమెరికా చేరినది. దీనిని మోసికొని వచ్చినవారెవ్వరో తెలిసికొననిదే, ఈనాటి కాలమున దీనిని ఏల పాటింపవలెనో తెలియదని నా నిశ్చయము.

పదునెనిమిదవ శతాబ్దియందు, మతహింస వలన మొరేవియా దేశమునుండి పారిపోయి వచ్చిన కొన్ని కుటుంబములకు జిన్జెండోర్ఫు ప్రభువు సాక్సనీలోని తన జమీనులో ఆశ్రయమొసగెను. 1722లో అచ్చట హెర్న్‌హూట్ అను పల్లె వెలసెను. ఆ పల్లెలో రాత్రి గస్తీ తిరుగు కావలివారు గంటగంటకు ఒక కీర్తన పాడుచు తిరుగువారట. అట్టి పల్లెలో 1733 సంవత్సరాంతమున జనులందరు కూడి మేల్కొని ప్రార్థించిరి. చరిత్రకారులు ఈ ఆచారమునకు దానినే ఆదిగా చెప్పుదురు. ఈ మొరేవియనులే ప్రతిదినమునకు ఒక వేదవచనమును చీటి తీసి నిర్ణయించి, 1731 మొదలు ఏటేట పుస్తకముగా అచ్చువేయుచున్నారు. మన వాగ్దానపు కార్డులు దానికి సంతతియో కాదో గాని, దగ్గరి చుట్టములని చెప్పుటకు సందేహింపనక్కరలేదు.

మొరేవియనుల సహవాసము వలన మెథడిస్టుల గురువైన జాన్ వెస్లీకి ఈ పద్ధతియందు గౌరవము కలిగియుండవచ్చును; అయినను మెథడిస్టుల నడుమ దీనిని ప్రారంభించినది వెస్లీ కాదు, బ్రిస్టలు నగరమునకు చేరువనున్న కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలు. భూగర్భమున వారమెల్ల మసిలో మునిగి, శనివారపు రాత్రి వచ్చిన కూలి యావత్తు సారాయి దుకాణమున పోసి, తెల్లవారువరకు కేకలతో గడపుట వారికి వాడుక. వారు మారుమనస్సు పొందిన పిమ్మట ఆ రాత్రులనే, ఆ మేలుకొను అలవాటునే, ప్రార్థనకును పాటకును మళ్ళించుకొనిరి. ఇది విపరీతముగా నున్నది, మాన్పింపుమని కొందరు వెస్లీకి హితవు చెప్పిరి. ఆయన విచారించి, తప్పేమియు లేదని కనుగొని, తానే వారితో కూర్చుండుటకు నిశ్చయించెను. పౌర్ణమికి దగ్గరి శుక్రవారమున కూడవలెనని ప్రకటించెను. కారణము సులభమైనది: దూరపు పల్లెలనుండి కాలినడకన వచ్చినవారు నడిరేయి తిరిగి పోవునప్పుడు వారికి వెన్నెల తోడుండును. తమ కాలపు జనసంస్కృతిని విడిచి పారిపోవక, దాని నడుమనే ఒక రాత్రిని తిరిగి గెలుచుకొనిన కూలీల చరిత్ర ఇది. లండనులో 1742లో ఈ రాత్రి కూడికలు మొదలగునాటికి గురువుకు శిష్యులే దారి చూపియుండిరి.

1770లో ఫిలడెల్ఫియా నగరమున సెయింట్ జార్జి మెథడిస్టు దేవాలయమున జరిగిన రాత్రి జాగరణ అమెరికాలో మొదటిదని చెప్పుదురు. ఆ దేవాలయముననే, ఆ శతాబ్ది ముగియకముందే, మరియొక సంగతి జరిగెను. నల్లజాతివారు తమకు విధించిన స్థలమునకు వెలుపల మోకరించిరని, ప్రార్థన నడుచుచుండగనే దేవాలయపు ధర్మకర్త యొకడు వచ్చి వారిలో ఒకడైన అబ్సలోమ్ జోన్సును మోకాళ్ళమీదనుండి లాగి లేపబోయెను. ప్రార్థన ముగియువరకు ఆగుడని జోన్సు వేడుకొనెను, ఆగలేదు. ప్రార్థన ముగిసిన పిమ్మట వారందరు ఒక్క గుంపుగా లేచి వెలుపలికి నడచిరి. వారి నాయకులలో ఒకడైన రిచర్డ్ అలెన్, కష్టార్జితముతో తన విముక్తిని తానే కొనుక్కొనిన బానిస, 1794లో అదే నగరమున బెతెలు దేవాలయమును నెలకొల్పెను. మోకరించుటకు హక్కు కొరకు పోరాడవలసి వచ్చిన జనుల చేతికి ఈ మోకాళ్ళ ఆచారము ఆ విధముగా చేరినది.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసలకు జనవరి 1 పండుగ కాదు. యజమానులు లెక్కలు తీర్చుకొను దినమది. అప్పులు తీర్చుటకు మనుష్యులను విక్రయించు దినము, ఏడాది కూలికి బానిసలను పరుల ఇండ్లకు పంపు దినము. దానికి ముందునాటి రాత్రి తల్లులు పిల్లలను కౌగిలించుకొని తెల్లవారుటకు భయపడువారని, బానిసత్వమునుండి తప్పించుకొనిన హారియెట్ జేకబ్స్ 1861లో అచ్చైన తన జీవిత చరిత్రలో వ్రాసెను. ఒక తల్లి ఏడుగురు బిడ్డలను వేలమునకు నడిపించుకొని పోయిన వృత్తాంతము అందులో కలదు. జనులు ఆ దినమునకు గుండెకోత దినమని పేరు పెట్టిరి. మన పల్లెలలో ఏడాదికొక ఒప్పందముతో మోతుబరి ఇంట పాలేరుతనము చేసి, అప్పు తీరక మరుసటి యేటికి మరల అదే వాకిటికి పోయిన తాతల సంతతివారికి ఈ భయము వేరుగా వివరింపనక్కరలేదు.

అట్టి రాత్రికి 1862లో అర్థము మారినది. తిరుగుబాటు చేసిన రాష్ట్రములలోని బానిసలు 1863 జనవరి 1 మొదలు స్వతంత్రులగుదురని అధ్యక్షుడు లింకను సెప్టెంబరులోనే ముందుగా ప్రకటించియుండెను. కాని ఆ మాట నిలుచునో, రాజకీయపు ఒత్తిడికి లొంగిపోవునో ఎవ్వరికిని తెలియదు. డిసెంబరు 31వ నాటి రాత్రి నల్లజాతివారు దేవాలయములలోను, గుడిసెలలోను, సైన్యపు శిబిరములలోను కూడి మేల్కొనిరి. ఆ రాత్రిని చిత్రించిన విలియం కార్ల్‌టన్ పటములో, ముసలివాడొకడు గడియారము చేతపట్టుకొని ముల్లు పండ్రెండునకు చేరుటకై చూచుచుండగా, చుట్టును స్త్రీలు, పిల్లలు ఊపిరి బిగబట్టియుందురు.

మరునాడు బోస్టను నగరమున ట్రెమాంట్ టెంపులునందు మహాసభ కూడెను. ఈ టెంపులు, కూర్చుండు బల్లలకు అద్దె వసూలు చేయక, ధనికులకును పేదలకును, తెల్లవారికిని నల్లవారికిని సమముగా చోటుండవలెనని 1839లో ప్రారంభమైన బాప్టిస్టు సంఘము. బానిసగా పుట్టి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ వేదికపై నుండెను. తంతి కార్యాలయమునుండి వేదికవరకు వార్త చేరవేయుటకు మనుష్యులను వరుసగా నిలిపిరి. ఎనిమిదైనది, తొమ్మిదైనది, వార్త రాలేదు. వక్తల మాటలు తడబడెను, జనుల ముఖములలో సందేహము క్రమ్మెను. లింకను ఆనాటి మధ్యాహ్నమున, వందలమందికి నూతన సంవత్సరపు కరచాలనము చేసి అలసి వణకుచున్న చేతితో, ఆ పత్రముపై సంతకము చేసియుండెనని వారికెట్లు తెలియును? రాత్రి పది దాటిన పిమ్మట గాని తంతిమీద వార్త వచ్చుచున్నదన్న కేక వినబడలేదు. హర్షధ్వానములు ఎంతకును ఆగకపోగా, అర్ధరాత్రి ఆ మందిరమును ఖాళీ చేయవలసి వచ్చి, వారు పారిపోయి వచ్చిన బానిసలకు ఆశ్రయమైన పండ్రెండవ బాప్టిస్టు దేవాలయమునకు పోయి తెల్లవారువరకు పాడిరి. నల్లజాతి సంఘములలో ఈ జాగరణ నేటికిని విడువక జరుగుచున్నది. మరునాటి ఉదయమున వారు బియ్యముతో కలిపి వండుకొను గింజలు మన బొబ్బర్లే, రాయలసీమవారి అలసందలే; బానిసల ఓడలతో పశ్చిమ ఆఫ్రికానుండి అమెరికా చేరిన ధాన్యమది.

సరిగా ఆ 1862వ సంవత్సరముననే, అదే బాప్టిస్టుల నడుమ, తెలుగువారి గతి తక్కెడలో ఊగుచుండెను. మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్టణమున దిగి, 1840లో నెల్లూరు చేరి ప్రారంభించిన మిషను పాతికేండ్లకును ఫలింపలేదు. బర్మాలో వేలకొలది విశ్వాసులు చేరుచుండగా నెల్లూరులో వ్రేళ్ళపై లెక్కింపదగినవారే. 1853లో న్యూయార్కు రాష్ట్రపు ఆల్బనీలో మహాసభ కూడినప్పుడు ఈ మిషనును మూసివేయుదమన్న ఆలోచన రాగా, అమెరికా దేశభక్తి గీతములలో ఒకదానిని రచించిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఒక్క రాత్రిలో పద్యము కట్టి, నెల్లూరును ఒంటరి నక్షత్రమని వర్ణించి సభికుల మనస్సు త్రిప్పెను. 1862లో ప్రావిడెన్సు సభలో ఆ మాటయే మరల వచ్చెను. యుద్ధకాలము, ధనము లేదు, ఫలము లేదు. అనారోగ్యముతో స్వదేశమునకు వచ్చియున్న నెల్లూరు మిషనరీ లైమన్ జ్యుయెట్, సంఘము పంపినను పంపకపోయినను తాను తెలుగువారి నడుమనే బ్రతికి అక్కడనే చావదలచితినని ఖండితముగా చెప్పుట చేత మిషను నిలిచెను. 1864 చివర బోస్టను రేవునుండి జ్యుయెట్ మరల ఓడ ఎక్కినప్పుడు ఆయనతో పయనమైన యువకుడు, భూములు కొలిచిన సర్వేయరు, జాన్ క్లౌ.

జ్యుయెట్ అంత పట్టుదలకు మూలము ఒక జనవరి ఉదయము. 1853 డిసెంబరులో ఆయన, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులు నెల్లూరునుండి సువార్త చెప్పుచు ఒంగోలు వచ్చిరి. వీధులలో వారికి దూషణలు, రాళ్ళు ఎదురయ్యెను. 1854 జనవరి 1వ నాడు సూర్యోదయమునకు ముందే ఆ ఐదుగురు ఊరి కొండనెక్కి, పాడి, ఒక్కొక్కరుగా ప్రార్థించిరి. క్రింద కనబడు బీడునేలలో మిషనరీ నివాసమునకు తగిన స్థలమొకటి జ్యుయెట్ జూలియాకు చూపెనట. ఆ స్థలమే తరువాత మిషనుకు దక్కినది. 1866లో క్లౌ అచ్చట కాపురము పెట్టెను. 1867 జనవరి 1వ నాడు ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. నూతన సంవత్సరపు తొలి ఘడియను ప్రార్థనకు అర్పించు అలవాటు తెలుగు బాప్టిస్టుల రక్తములో ఇంకుటకు వేరొక కారణము వెదకనేల?

అయితే ఆ సంఘమును నిలిపినవారు బోస్టను దొరలు కారు. తాళ్ళకొండపాడు నివాసి, తోళ్ళ వ్యాపారి, యోగమార్గమున గురువుల వెంట తిరిగి తృప్తిపడని యర్రగుంట్ల పేరయ్య 1866లో తానే వెదకికొనుచు వచ్చి భార్యాసమేతముగా బాప్తిస్మము పొందెను. ఆయన నోట పల్లెలు కదలినవి. మాదిగ విశ్వాసులు పెట్టుకొనిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు చిన్నవే గాని ఊరి కట్టుబాటు యావత్తును ఈ మూడింటితో తగవు పడినది. ఆదివారము కోతకు రానన్న మాదిగవానికి మోతుబరి కళ్ళమున గింజ పెట్టడు. జాతరలో డప్పు వాయింపనన్నవానికి బావి దారి మూసివేయుదురు. క్రైస్తవ విశ్వాసము అన్నది వారికి హృదయములో దాచుకొను భావము కాలేదు. ఏ దినము పనికి పోవలెను, ఏమి తినవలెను, ఎవరి యెదుట తల వంచవలెను అన్న ప్రశ్నగా వీధిలోనికి వచ్చినది. సంస్కృతి నడుమ విశ్వాసమును జీవించుట యనగా ఏమో తెలియగోరువారు దూరపు గ్రంథములకు పోనక్కరలేదు. ప్రకాశము జిల్లా మాలమాదిగ పల్లెల చరిత్ర చదువుకొనిన చాలును. ఇంచుమించు ఆ యేండ్లలోనే, 1873లో, జ్యోతిరావు ఫూలే తన గులాంగిరి గ్రంథమును బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. రెండు దేశముల బాధ ఒక్కటియేనని ఆ మహారాష్ట్రుడు స్పష్టముగా చూచెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును కాల్చివేసిన కరవులో క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలాది ఆకలిమనుష్యులకు కూలి చూపెను. బోధకులే మేస్త్రీలైరి, పగలు మట్టి మోయించి, సాయంకాలము చెంతకు చేరినవారికి ధైర్యము చెప్పిరి. గంజికొరకు మతము పుచ్చుకొనిరన్న నింద రాకుండుటకై ఆయన ఏడాదికి పైగా ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. కరవు తీరి కూలి నిలిచిన పిమ్మటనే, 1878 జూలై 3వ నాడు, వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే. క్లౌ ఒడ్డున నిలిచియుండెను. పొట్టకొరకు వచ్చినవారను మాట నేటికిని అనువారున్నారు. కూలి ఆగిన తరువాత వచ్చిన ఈ జనసమూహమును వారు వివరింపజాలరు.

క్లౌ తరువాతికాలమున వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్, మాదిగల మధ్య కూర్చుండి వారి గురువుల కథలను, కులాచారములను సేకరించి 1899లో ఒక గ్రంథము ప్రకటించిన విదుషీమణి. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికా నగరములలోని కార్మికుల దుఃస్థితిని చూచి, రక్షణ ఆత్మకే కాక సమాజమునకును అవసరమని 1907లో పుస్తకము వ్రాసెను. మార్టిన్ లూథర్ కింగు తన యౌవనమున దానిచే గాఢముగా ప్రభావితుడనైతినని చెప్పుకొనెను. ఒంగోలు బంగళాకును, కింగు వెంట అలబామా వీధులలో నడచిన జనులకును నడుమ ఇంత దగ్గరి బంధుత్వముండుట నన్ను ఎల్లప్పుడు కదలించును.

తెలంగాణములో ఈ రాత్రికి వేరొక దారి కలదు. 1879 ప్రాంతమున సికిందరాబాదు వచ్చిన వెస్లియనులు, తరువాత మెదకు చుట్టుపట్ల పల్లెలలో వ్యాపించి, సంవత్సరాంతపు జాగరణతో కూడ వెస్లీ ప్రవేశపెట్టిన నిబంధన ఆరాధనను తెచ్చిరి. ఏడాదికొకసారి విశ్వాసి తన జీవితమును మరల దేవునికి అప్పగించుకొను క్రమమది. పనియందైనను బాధయందైనను ఉంచుమని అడుగుటయే గాని సుఖమిమ్మని అడుగుట అందులో లేదు.

ఇక అమెరికాకు మరల వత్తము. 1946 చట్టము ప్రకారము భారతదేశమునుండి ఏడాదికి నూరుగురే స్థిరనివాసమునకు రాగలిగెడివారు. 1965 అక్టోబరు 3వ నాటి వలస చట్టముతో తలుపు తెరచుకొనెను. మిషను ఆసుపత్రులలో తరిఫీదు పొందిన నర్సులు, గుంటూరు కళాశాలలలో చదివిన వైద్యులు, పిమ్మట ఇంజనీర్లు వచ్చిరి. తొలుత ఎవరి ఇంటి కూటమిలోనో నాలుగు కుటుంబములు నేలపై కూర్చుండి పాడుకొనెడివారు. 1990 తరువాత కంప్యూటరు ఉద్యోగములతో సంఖ్య పెరిగి సంఘములైనవి. 2010 మొదలు 2017 వరకు అమెరికాలో తెలుగు మాటలాడువారు నూటికి 86 పాళ్ళు పెరిగిరని జనాభా లెక్కలు చూచినవారు తేల్చిరి. ఒకనాడు మిషనరీలను పంపిన సంఘములే నేడు సభ్యులు తగ్గి సగము ఖాళీయైన తమ మందిరములను, ఆ మిషనరీల శిష్యుల మునిమనుమలకు అద్దెకిచ్చుచున్నవి.

డిసెంబరు 31 ఈ వలసవచ్చిన తెలుగువారికి రెండుసార్లు వచ్చును. న్యూజెర్సీలో పగలు ఒంటిగంటన్నర కాగానే గుంటూరులో అర్ధరాత్రి. ఫోనులో అమ్మయో, అత్తగారో, ఊరి అయ్యగారో ప్రార్థన చేయుదురు, దేవాలయపు గంట వినబడును. ఇచ్చటి రాత్రి ఇంకను పదిన్నర గంటల దూరముననుండును. ఆ రాత్రి కూడికలో వినబడు ప్రార్థనలను శ్రద్ధగా వినినచో, అవి చాలవరకు నిరీక్షణకు సంబంధించినవే. శాశ్వత నివాసపు అనుమతులలో ఏ దేశమునకైనను నూటికి ఏడు పాళ్ళకు మించరాదన్న నియమము వలన భారతీయులు పదులకొలది యేండ్లు వేచియుండవలసి వచ్చుచున్నది. తండ్రి వంతు రాకముందే బిడ్డకు ఇరువదియొకటి నిండినచో ఆ బిడ్డ తండ్రి దరఖాస్తునుండి తొలగిపోవును. ఉద్యోగము పోయినచో అరువది దినములలో మరియొకటి చూచుకొనవలెను. మంచి జీతము, మంచి ఇల్లు ఉండియు, తన కాలము తన చేతిలో లేదన్న యెరుక వారిని మోకరింపజేయును. కార్ల్‌టన్ పటములో గడియారము చేతపట్టిన ఆ ముసలివాని బాధతో దీనిని సరిపోల్చుట సరికాదు; అతడు వేచినది తన దేహముపై తనకు హక్కు కొరకు. అయినను వేచియుండుట తెలిసినవారికే వేచియున్నవారు కనబడుదురు.

అదే సమయమున న్యూయార్కు టైమ్స్ స్క్వేరులో లక్షలమంది గుమిగూడుదురు. 1907 డిసెంబరు 31న నూరు దీపములు అమర్చిన ఇనుప గోళమును మొదటిసారి స్తంభమునుండి దింపిరి; నేడు ప్రపంచమెల్ల దానిని చూచును. దానిని తూలనాడుట నాకు సమ్మతము కాదు. క్రొత్తది రావలెనన్న మనుష్యుల ఆకాంక్ష అందులోను కలదు. యుద్ధకాలమున, 1942లోను 1943లోను, దీపములార్పవలసి వచ్చి గోళము దింపనప్పుడు, ఆ చౌకునకు వచ్చిన జనులు ఒక్క నిమిషము మౌనముగా నిలిచిరి, పిమ్మట గంటలు మ్రోగినవి. ఆ రెండేండ్లు నగరమునకును దేవాలయమునకును భేదము లేకపోయెను.

నాకు భయము కలిగించునది వీధిలోని సందడి కాదు, మన కూడికలోనికే ప్రవేశించిన రెండు విషయములు. మొదటిది వాగ్దానపు కార్డు. కన్నీటితో గడపిన యేటి చివర ఒక వేదవాక్యమును చేతబట్టుకొని ఇంటికి పోవుట మంచిదే. కాని ఉగాదినాటి పంచాంగ శ్రవణమువలె, ఈ యేడు నాకు ఆదాయమెంత, వ్యయమెంత అని ఆ కార్డును చూచుట, వచ్చిన వాక్యము నచ్చనిచో మరియొకటి తీయగోరుట, అది నిరీక్షణ కాదు. బబులోను చెరలో డెబ్బదియేండ్లు ఉండవలెనని చెప్పబడిన జనులకు వ్రాసిన లేఖలోని ఒక వాక్యము, పైచదువుకొరకు వచ్చిన విద్యార్థి చేతికి ఆ సంవత్సరములోనే ఫలించు హామీగా చేరుచున్నది.

రెండవది ఇంతకంటె బరువైనది. కులమును పేరెత్తకయే చూచుట మన వలసజీవితములో కొనసాగుచున్నది. వివాహసంబంధములయందు, సంఘపెద్దల ఎన్నికయందు, ఎవరింట భోజనమునకు పోవుదురన్న సంగతియందు అది తల చూపును. సియాటిలు నగరసభ 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించు శాసనము చేసినది, అమెరికా నగరములలో ఇదే మొదటిది. ఆ వార్త విని మనవారిలో కొందరు నొచ్చుకొనిరి. జోన్సును మోకాళ్ళమీదనుండి లేపిన ధర్మకర్తయు ఆదివారమున పాటలు పాడినవాడే. గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందినవారి సంతతి, తమ తాతల ఊరి పేరు చెప్పుటకు ఈ దేశమున కూడ వెనుకాడవలసి వచ్చినచో, ఆ సంఘము సంవత్సరాంతమున ఎంతసేపు మేల్కొనినను నిద్రలోనే యున్నది.

ఇటీవల కొన్ని సంఘములు ఈ కూడికను సాయంకాలము ఏడుగంటలకు జరిపి తొమ్మిదికి ముగించుచున్నవి. రాత్రి రహదారులపై త్రాగి బండి నడుపువారి భయమొకటి, పిల్లల నిద్ర ఒకటి, ఆ పిమ్మట స్నేహితుల ఇండ్లలో వేడుకలకు పోవలెనన్న తొందర మరియొకటి. పెద్దలు దీనిని తప్పుపట్టుచున్నారు. వేళ మార్చుటలో నాకు తప్పు తోచదు. వెస్లీ వెన్నెలను చూచి దినమునే నిర్ణయించెను గదా. అయితే ఆయన చూచినది నడచి పోవలసినవారి ముఖము. పెట్రోలు బంకులో రాత్రి కాపలా యున్న విద్యార్థి పదునొకటికి గాని విడుదల కాడు. ఆసుపత్రిలో నర్సు పని ముగించుకొని వచ్చునప్పటికి పండ్రెండున్నర దాటును. వారికొరకు రెండవసారి ప్రభు బల్ల సిద్ధపరచి ఒంటిగంట వరకు తలుపు తీసియుంచు సంఘములు అక్కడక్కడ కలవు. పాస్టరుగారును, ఇద్దరు ముగ్గురు పెద్దలును కూర్చుండియుందురు. వచ్చినవారు నలుగురే యైనను కీర్తన మరల మొదటినుండి ఎత్తుకొందురు, విందులో వారి పాలు విడిగా తీసి పెట్టియుంచుదురు. ఏడుగంటల కూడికను కోరువారు, ఈ రెండవ కూడికకు ఎవరు నిలుతురో కూడ ఆ సభలోనే తేల్చుకొనవలెనని నా మనవి.